గాయపడ్డ పిల్లలకు, కాపాడిన గుర్రాలకు మధ్య జరిగే పని గురించి

సంపాదకులకు నమస్కారం.

దెబ్బలు తిన్న పిల్లలను, అయినవాళ్ళే వదిలేసిన పిల్లలను, కళ్ళెదుటే ఆత్మీయులను పోగొట్టుకున్న పిల్లలను మళ్ళీ మనుషుల్లో పడేయడానికి, హింస నుంచీ ఆకలి నుంచీ కాపాడి తెచ్చిన గుర్రాలను తోడు చేసే పద్ధతి గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇటువంటి కేంద్రాల గురించి పత్రికల్లో వచ్చే కథనాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. గుర్రమెక్కి నవ్వుతున్న పిల్లవాడి ఫొటో, పక్కన తల్లి కన్నీళ్ళు, కింద దాతల పేర్లు, అంతటితో సరి. ఆ నవ్వు నిజమే కావచ్చు. కానీ పిల్లవాడికి మేలు చేసేది గుర్రం ఎక్కడం కాదని, నేల మీద నిలబడి ఆ జీవానికి చేసే సేవేనని, గుర్రం బాగోగులు పట్టించుకోని చోట పిల్లవాడి మనసూ బాగుపడదని, గాయపడ్డ పిల్లలతో చాలాకాలం పనిచేసి అలాంటి కేంద్రంలో వాళ్ళ పక్కన నిలబడి చూసిన మనిషిగా నాకు గట్టి నమ్మకం.

ముందుగా ఒక తికమక తొలగాలి. గుర్రాల సాయంతో జరిగే రెండు వేర్వేరు పనులను చాలామంది ఒకటిగా కలిపేస్తున్నారు. మొదటిది శరీరానికి సంబంధించినది. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ ఒకేసారి కదులుతుంది. మనిషి నడుస్తున్నప్పుడు నడుము కదిలే తీరుకు అది చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) వంటి ఇబ్బందులున్న పిల్లలను ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో గుర్రం మీద కూర్చోబెట్టి, నడుము నిలిపే కండరాలకు సాధన ఇస్తారు. డెన్మార్క్‌కు చెందిన గుర్రపుస్వారీ క్రీడాకారిణి లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడ్డాయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇంకొకరు పట్టుకోవలసిన స్థితిలోనే ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ అనే, గుర్రాన్ని లయబద్ధంగా నడిపించే పోటీలో రజత పతకం గెలిచింది. ఆమెను చూసిన తర్వాతే ఐరోపాలో వైకల్యం ఉన్నవారికి గుర్రపుస్వారీ నేర్పడం ఊపందుకుంది. 1969లో బ్రిటన్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ దీనికోసమే ప్రత్యేకంగా సంఘాలు ఏర్పడ్డాయి. ఆ పనికి దాని పద్ధతులు, దాని నిపుణులు ఉన్నారు.

నేను రాస్తున్నది రెండో పని గురించి. ఇందులో జీను, కళ్ళెం, స్వారీ ముఖ్యం కాదు. భయం అలవాటైపోయిన పిల్లవాడు, భయం అలవాటైపోయిన గుర్రం, ఇద్దరి మధ్య తొందరపడని ఒక పెద్ద మనిషి ఉంటే చాలు.

చిన్నతనంలో తగిలిన దెబ్బలు పెద్దయ్యాక వాటంతటవే మానిపోతాయనే మాట మన ఇళ్ళల్లో ఇప్పటికీ వినపడుతుంది. 9,500 మందికి పైగా పెద్దవాళ్ళ బాల్యానుభవాలనూ ఆరోగ్యాన్నీ పోల్చి చూసి 1998లో అమెరికాలో వెలువడిన అధ్యయనం ఆ మాటను పూర్వపక్షం చేసింది. బాల్యంలో హింస, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం వంటివి ఎంత ఎక్కువగా ఉంటే, పెద్దయ్యాక గుండె జబ్బులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నాలు అంత ఎక్కువగా కనిపించాయని అది తేల్చింది. అటువంటి ఇంట్లో పెరిగిన పిల్లల శరీరం ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతారు. ఎవరైనా గదిలోకి రాగానే ముఖం చూసి, ఈ మనిషి ఈరోజు ఏ కోపంలో ఉన్నాడో లెక్క వేసుకుంటారు. నిద్ర సరిగా పట్టదు, చదువు మీద దృష్టి నిలవదు, చిన్న మాటకే విరుచుకుపడతారు, లేదంటే పూర్తిగా ముడుచుకుపోతారు. వాళ్ళకు మాటలతో ధైర్యం చెప్పబోతే పెద్దగా పనిచేయదు. నన్ను నమ్ము అని తీయగా చెప్పినవాళ్ళే కొట్టిన అనుభవం వాళ్ళకు ఉండి ఉండవచ్చు.

ఇక గుర్రం సంగతి. ఎంత బలమైనదైనా అది వేటాడే జంతువు కాదు, వేటకు చిక్కే జంతువు. తలకు రెండు పక్కలా ఉన్న కళ్ళతో, నుదుటి ముందు కొంచెం మేర, తోక వెనక కొంచెం మేర తప్ప దాదాపు 350 డిగ్రీల మేర చుట్టూ చూడగలదు. రెండు చెవులనూ విడివిడిగా రెండు దిక్కులకు తిప్పి వినగలదు. అనుమానం వస్తే ముందు పరుగెత్తి, ఆ తర్వాతే వెనక్కి తిరిగి చూస్తుంది. నిలబడే కునుకు తీస్తుంది కానీ, కలలు వచ్చే గాఢమైన నిద్ర పట్టాలంటే పడుకోక తప్పదు. చుట్టూ భద్రంగా ఉందన్న నమ్మకం కుదిరితేనే పడుకుంటుంది. మందలో కొన్ని పడుకుంటే ఒకటైనా పక్కనే నిలబడి కాపలా కాస్తుంది. ఈ ఒక్క విషయం చెప్పగానే, రాత్రిళ్ళు నిద్రపోని పిల్లలు తల పైకెత్తి వినడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ళకు అప్పటిదాకా తమదే లోపమనిపించిన సంగతి, ఎదురుగా నిలబడ్డ అంత పెద్ద జంతువుకు సహజ స్వభావమని తెలుస్తుంది.

మనిషి శరీరాన్ని చదవడంలో గుర్రానికున్న నేర్పు నూరేళ్ళ కిందటే శాస్త్రీయంగా రుజువైంది. గత శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుడు తన గుర్రం హాన్స్‌కు లెక్కలు వచ్చని చూపించేవాడు. అడిగిన కూడికకు అది కాలితో నేలను తట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు జాగ్రత్తగా పరీక్షించి, గుర్రానికి లెక్కలు రావని, సరైన సంఖ్య రాగానే ప్రశ్న అడిగినవాడి తలలో, భుజాల్లో, వాడికే తెలియకుండా వచ్చే అతి చిన్న కదలికను చూసి తట్టడం ఆపేస్తోందని తేల్చాడు. అప్పట్లో ఇది గుర్రానికి పరాజయంగా లోకం భావించింది. నా దృష్టిలో అంతకన్నా గొప్ప నేర్పు ఇంకేముంటుంది! 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మనుషుల ఫొటోలు చూపించినప్పుడు, కోపంగా ఉన్న ముఖం చూడగానే గుర్రాల గుండె వేగం మరింత త్వరగా పెరిగిందని, ఆ ముఖాన్ని అవి ఎడమ కంటితో చూడడానికి మొగ్గాయని గమనించారు. బెదిరింపుగా తోచేవాటిని చాలా జంతువులు అలాగే చూస్తాయి.

పిల్లవాడి విషయంలో దీని అర్థం ఏమిటంటే, లోపల భగ్గుమంటూ పైకి నవ్వితే మనుషుల దగ్గర చెల్లుతుంది కానీ గుర్రం దగ్గర చెల్లదు. పళ్ళు బిగించి, భుజాలు పైకెత్తుకుని దగ్గరికి వెళితే గుర్రం పక్కకు జరుగుతుంది. తిట్టదు, కొట్టదు, మార్కులు వేయదు, కానీ జరుగుతుంది. ఊపిరి వదిలి, భుజాలు దించి, ఎదురుగా కాకుండా పక్కనుంచి నడిస్తే నిలబడుతుంది. తన శరీరంలో ఏం జరుగుతోందో పిల్లవాడికి అక్కడికక్కడే, నిందలేని జవాబు దొరుకుతుంది. దీన్ని మాటలతో నేర్పడానికి నేను గదిలో కూర్చుని వారాల తరబడి తంటాలు పడ్డ సందర్భాలున్నాయి.

మంచి శిక్షణ పొందిన ఏ గుర్రమైనా ఈ పని చేయగలిగినప్పుడు కాపాడి తెచ్చిన గుర్రమే ఎందుకని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. గుర్రం పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు బతుకుతుంది. పందెపు గుర్రాల పని మాత్రం చాలావరకు వాటి తొలి యవ్వనంలోనే ముగిసిపోతుంది. బండ్లు లాగినవి, స్వారీ నేర్పే పాఠశాలల్లో వాడినవి, యజమాని చేతిలో డబ్బు లేక మేత ఆగిపోయినవి ఎన్నో రకాలు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఐర్లండ్‌లో గుర్రాలను రోడ్ల పక్కనా పొలాల్లోనూ వదిలేయడం పెద్ద సమస్యగా మారింది. ఇలాంటి గుర్రం కేంద్రానికి చేరేసరికి దాని కథ దాని ఒంటి మీదే ఉంటుంది. బయటికొచ్చిన పక్కటెముకలు, బిగుతైన తాడు కోసిన మచ్చలు, కోయక పెరిగి వంకరపోయిన గిట్టలు, మనిషి చెయ్యి లేస్తే వణికే చర్మం పిల్లలకు కనిపిస్తాయి. ఎవరూ వివరించనక్కరలేదు.

ఇక్కడినుంచి జరిగేదే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. చిక్కిపోయిన గుర్రాన్ని చూడగానే పిల్లలు దానికి కడుపునిండా తినిపించాలంటారు. అలా చేస్తే అది చచ్చిపోవచ్చు. పస్తులకు అలవాటుపడ్డ శరీరంలోకి పిండిపదార్థం ఒక్కసారిగా వెళితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే గుండె, ఊపిరితిత్తులు ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి గింజల దాణా ఇవ్వకుండా, లూసర్న్ వంటి గడ్డిని కొద్దికొద్దిగా, రాత్రీ పగలూ కొన్ని గంటలకొకసారి పెడుతూ, పశువైద్యుడి మాట ప్రకారం రోజులు గడిచేకొద్దీ పెంచుకుంటూ పోవాలి. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకె 1983లో తయారుచేసిన కొలమానంలో గుర్రం ఒంటి స్థితికి 1 నుంచి 9 వరకు అంకెలుంటాయి. 1 అంటే ఎముకల గూడు. కొన్ని చోట్ల పిల్లల చేతే పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి చూపించి, ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలిపించి, నోటుపుస్తకంలో తేదీ వేసి రాయిస్తారు. వారం వారం అంకె పెద్దగా మారదు. ఒక్కోసారి తగ్గుతుంది కూడా. కోలుకోవడం ఎలా ఉంటుందో, దానికి ఎంత ఓపిక కావాలో, మధ్యలో వెనక్కి తగ్గినంత మాత్రాన అంతా పోయినట్టు కాదని, ఆ పిల్లవాడికి ఏ పెద్దమనిషి ఉపన్యాసం ఇవ్వకుండానే తన చేతిరాతలోనే కనిపిస్తుంది.

గిట్టలు శుభ్రం చేయడం చూడండి. భుజం మీద చెయ్యి వేసి, కాలి వెంట మెల్లగా కిందికి జారుస్తూ, మడమ పైన వేళ్ళతో కొద్దిగా ఒత్తితే గుర్రం బరువును మిగిలిన మూడు కాళ్ళ మీదికి మార్చుకుని ఆ కాలు ఎత్తి ఇస్తుంది. కొక్కెంలాంటి పనిముట్టుతో మడమ వైపు నుంచి గిట్ట ముందు కొన వైపుకు, మధ్యలో మెత్తగా ఉండే త్రికోణపు భాగానికి గుచ్చుకోకుండా, ఇరుక్కున్న మట్టినీ రాళ్ళనూ తీయాలి. పరుగే ప్రాణరక్షణ అయిన జీవం తన కాలిని ఇంకొకరి చేతిలో పెట్టిందంటే అది మామూలు విషయం కాదు. దెబ్బలు తిన్న గుర్రాలు నెలల తరబడి కాలు ఇవ్వవు. ఇచ్చిన రోజున ఆ పిల్లవాడి ముఖంలో గెలిచిన గర్వం కనిపించదు, బాధ్యత కనిపిస్తుంది. చేతిలో ఉన్నదాన్ని నొప్పించకూడదన్న జాగ్రత్త అది. ఇంట్లో తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ కొట్టే పిల్లల్లోనూ నేను ఆ జాగ్రత్తను చూశాను.

నాకు బాగా గుర్తున్న ఆడగుర్రం ఒకటుంది. దాన్ని వెనకటి యజమాని తల మీద కొట్టేవాడని విన్నాము. చెవుల దగ్గరికి ఎవరి చెయ్యి వెళ్ళినా తల ఒక్క ఉదుటున పైకెత్తి వెనక్కి గుంజుకునేది. గుర్రాన్ని పట్టుకుని నడిపించడానికి తలకు హాల్టర్ తొడుగుతారు. తొందరలో ఉన్నవాళ్ళు దాని బకిల్ విప్పకుండానే పట్టీని చెవుల మీదుగా లాగి వేసేస్తారు. ఈ గుర్రం భరించలేనిది సరిగ్గా అదే. పదేళ్ళ పాప ఒకతి, పెద్దవాళ్ళు ఎవరు పలకరించినా మాట్లాడనిది, కంచె అవతల నిలబడి ఇదంతా చాలా రోజులు చూసింది. బకిల్ పూర్తిగా విప్పి, పట్టీని మెడ కింది నుంచి అవతలికి పంపి, మెడ వెనక నుంచి మెల్లగా పైకి జరుపుకుంటూ వస్తే గుర్రం కదలకుండా నిలబడుతుందని తనంతట తానే కనిపెట్టింది. ఆ తర్వాత ఆ గుర్రం దగ్గరికి ఎవరొచ్చినా, కేంద్రం నిర్వాహకులైనా సరే, ఎదురెళ్ళి, "చెవుల మీదుగా కాదండీ, కింద నుంచి" అని చెప్పడం మొదలుపెట్టింది. అందరూ ఆ మాట విన్నారు. తాను ఒక నియమం చెబితే పెద్దవాళ్ళు దానికి కట్టుబడడం అన్నది ఆ పాప ఎరగని విషయం.

ఆ పాపతో గదిలో కూర్చుని మాట్లాడవలసిన కౌన్సెలర్‌కు దారి దొరికింది అక్కడే. కొత్తవాళ్ళు వస్తే ఆ గుర్రానికి ఏం కావాలి, ముందు ఏం తెలియాలి, ఎంత దూరంలో నిలబడాలి అని అడిగితే పాప వివరంగా జవాబు చెప్పేది. తన సంగతులు ఆ మాటల వెంటే, చాలా నెలల మీద, కొంచెం కొంచెంగా బయటికొచ్చాయి. గుర్రం పాపను నయం చేసిందని ఎవరైనా రాస్తే ఒప్పుకోను. ఆ కౌన్సెలర్ ఓపిక లేకపోతే ఆ నియమం లాయం గుమ్మం దాటి వచ్చేది కాదు. అలాగే ఆ గుర్రమే లేకపోతే ఆ ఓపికకు పట్టు దొరికేది కాదు.

ఈ పనిని చాలాకాలంగా చేస్తున్నవారున్నారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1947లో మొదలైన గ్రీన్ చిమ్నీస్ అనే పాఠశాల, మానసికంగా ఇబ్బందిపడే పిల్లల చదువులో పశువుల సంరక్షణను భాగం చేసింది. ఆరెగాన్ రాష్ట్రంలో మీడర్ దంపతులు 1995లో స్థాపించిన క్రిస్టల్ పీక్స్ యూత్ రాంచ్, కాపాడి తెచ్చిన గుర్రాలనూ కష్టాల్లో ఉన్న పిల్లలనూ కలపడానికే ఏర్పడింది. స్థాపకుల్లో ఒకరైన కిమ్ మీడర్ తానే చిన్నతనంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న మనిషి. ఒక పిల్లవాడికి ఒక గుర్రం, ఒక పెద్ద తోడు అన్నది అక్కడి పద్ధతి, కుటుంబాల దగ్గర డబ్బు తీసుకోరు. ఈ ఒకరికొకరు అన్న లెక్క చాలా ముఖ్యమని నా అభిప్రాయం. పదిమంది పిల్లలను వరసలో నిలబెట్టి, ఒక గుర్రాన్ని చుట్టూ తిప్పి, తలా అయిదు నిమిషాలు ఎక్కించి దించేది వినోదం అవుతుంది. వినోదం తప్పని నేను అనను, కానీ దానికి వైద్యం పేరు పెట్టకూడదు.

శాస్త్రం ఎంతవరకు వచ్చిందో కూడా దాచకుండా చెప్పాలి. అమెరికాలోని కొలరాడోలో జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో 6 నుంచి 16 ఏళ్ళ లోపు 127 మంది ఆటిజం పిల్లలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు పది వారాల పాటు గుర్రాలతో గడిపింది, రెండో జట్టు అలాంటి లాయంలోనే అసలు గుర్రానికి బదులు గుర్రమంత బొమ్మతో అవే పాఠాలు నేర్చుకుంది. అసలు గుర్రాలతో ఉన్న పిల్లల్లో చిరాకు, నిలకడలేనితనం ఎక్కువగా తగ్గాయి, మాట్లాడే పదాలు పెరిగాయి. ఆటిజం గాయం కాదు, అయినా గుర్రం ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఉందని ఇంత జాగ్రత్తగా చూపిన పరిశోధనలు తక్కువ కాబట్టి ప్రస్తావించాను. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2014లో వచ్చిన అధ్యయనం, పదకొండు వారాలు గుర్రాలతో పనిచేసిన బడిపిల్లల లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోన్ మధ్యాహ్నం వేళ తగ్గిందని కనుగొంది. అదే 2014లో, అప్పటిదాకా వచ్చిన 14 పరిశోధనలను వడపోసిన సమీక్ష ఒకటి, మానసిక రుగ్మతలకు గుర్రాలతో చేసే చికిత్స పనిచేస్తుందనడానికి తగిన ఆధారాలు లేవని, చాలా పరిశోధనల పద్ధతిలోనే లోపాలున్నాయని గట్టిగా చెప్పింది. ఆ హెచ్చరికను మన్నించాలి. మనోవైద్యుడి దగ్గరికి వెళ్ళడం మానిపించి, మందులు ఆపించి, ఇక గుర్రమే చూసుకుంటుందని ఏ కేంద్రమైనా చెబితే తల్లిదండ్రులు అక్కడినుంచి వెంటనే వచ్చేయాలి. ఇది చికిత్సకు తోడుగా నిలిచే పని, దాని స్థానంలో పెట్టే పని కాదు.

గుర్రం పక్షాన మాట్లాడేవాళ్ళు తక్కువ కాబట్టి దాని సంగతి కొంచెం ఎక్కువగానే రాస్తాను. హింస నుంచి బయటపడ్డ ప్రతి గుర్రమూ పిల్లలతో పనికి సరిపోదు. కొన్నిటికి భయం ఎంత లోతుగా పాతుకుపోతుందంటే, కరవడం, తన్నడం ఆపవు. వాటికి గడ్డి, నీళ్ళు, సాటి గుర్రాల తోడు ఇచ్చి, వాటి మానాన వాటిని బతకనివ్వాలి. పనికి తగినవాటిక్కూడా ముందు నెలల తరబడి విశ్రాంతి కావాలి. వెన్ను దెబ్బతిన్న గుర్రం మీద పిల్లవాణ్ణి ఎక్కించడం అంటే ఒక గాయాన్ని మాన్పడానికి ఇంకో గాయాన్ని రేపడం. చెవులు వెనక్కి తల మీదికి అదిమి పెట్టడం, తోక విసురుగా ఝాడించడం, కంటి చుట్టూ, మూతి చుట్టూ కండరాలు బిగుసుకోవడం గుర్రం విసిగిపోయిందనడానికి గుర్తులు. ఆ గుర్తులు కనిపించగానే, గడియారం ఏం చెప్పినా, ఆనాటి పని ఆపేయాలి. వద్దు అన్న గుర్రం మాటను పెద్దవాళ్ళు మన్నించడం పిల్లలు చూడాలి. తాము వద్దు అన్నప్పుడు ఎవరూ ఆగని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఇంతకన్నా ముఖ్యమైన పాఠం ఆ లాయంలో ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

దయ అంటే ఎప్పుడూ బతికించడమే కాదన్నది కూడా ఈ పనిలో భాగమే. 1930లో కైరో చేరుకున్న డోరతీ బ్రూక్ అనే ఆంగ్ల మహిళ, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి సేవ చేసి, ఆ తర్వాత అక్కడే అమ్ముడుపోయి, వీధుల్లో బరువులు లాగుతూ ఎముకల గూళ్ళుగా మిగిలిన గుర్రాలను చూసి, 1931లో లండన్ పత్రిక మార్నింగ్ పోస్ట్‌కు ఒక ఉత్తరం రాసింది. పాఠకులు పంపిన డబ్బుతో మూడేళ్ళలో దాదాపు 5,000 గుర్రాలను కొన్నది. వాటిలో చాలావరకు కోలుకోలేని స్థితిలో ఉండడంతో, నొప్పి లేకుండా కన్నుమూసే ఏర్పాటే చేయవలసి వచ్చింది. 1934లో ఆమె పెట్టిన పశువైద్యశాలే ఈనాడు బ్రూక్ పేరుతో అనేక దేశాల్లో పనిచేసే గుర్రాలకు, గాడిదలకు వైద్యం అందిస్తోంది. కేంద్రాల్లో ఉండే ముసలి గుర్రాలు కూడా ఏదో ఒక రోజు చనిపోతాయి. అది పిల్లలకు తెలియకుండా దాచి, వేరే ఊరికి పంపామని చెబితే, ఇంకో నమ్మకం విరుగుతుంది. ఉన్నది ఉన్నట్టు, వయసుకు తగ్గ మాటల్లో చెప్పి, ఏడవనిచ్చి, గుర్రాన్ని చూసుకున్న పిల్లవాడి పేరు ఆ గుర్రం రికార్డుల్లో ఉంచిన కేంద్రాన్ని నేను గౌరవిస్తాను. పిల్లవాడు మనసు పెట్టుకున్న గుర్రాన్ని ఖర్చుల కోసం మధ్యలో అమ్మేసేవాళ్ళను, నిధులు అయిపోయాయని చెప్పాపెట్టకుండా తలుపులు మూసేసేవాళ్ళను ఎంతమాత్రం సమర్థించలేను. అయినవాళ్ళు వదిలేసిన పిల్లలను ఇంకోసారి వదిలేయడం ఎంత క్రూరమో వేరే చెప్పాలా?

భద్రత గురించి క్లుప్తంగా. నాలుగైదు వందల కిలోల జంతువు దగ్గర హెల్మెట్, గట్టి బూట్లు, వెనకనుంచి చెప్పకుండా వెళ్ళకపోవడం తప్పనిసరి. గుర్రపు లద్దెలో ధనుర్వాత క్రిములు ఉంటాయి కాబట్టి టీకాలు పూర్తయ్యాయో లేదో చూడాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడలోని మొదటి రెండు పూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. అటువంటివారిని వైద్యుడు పరీక్షించకుండా గుర్రం ఎక్కించడం ప్రమాదం. గుర్రమంటే భయపడే పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కెళ్ళకూడదు. కంచె అవతల కూర్చుని ఒక గంట చూసి వెళ్ళిపోయినా అది వృథా కాదు.

సంపాదకులకు నా విన్నపం ఇది. ఇలాంటి కేంద్రాల గురించి మీ విలేఖరులు రాసేటప్పుడు పిల్లల ముఖాలు, పేర్లు, వాళ్ళకు జరిగిన హింస వివరాలు దయచేసి అచ్చు వేయకండి. తల్లిదండ్రులో సంరక్షకులో అనుమతి ఇచ్చినా సరే, పదేళ్ళ తర్వాత ఆ కథనం ఆ పిల్లవాడి చదువులోకి, ఉద్యోగంలోకి, పెళ్ళిలోకి వెంటపడి వస్తుంది. దానికి బదులు అక్కడి గుర్రాలను చూడమనండి. వాటి పక్కటెముకలు కనిపిస్తున్నాయా, గిట్టలు ఎన్ని వారాలకొకసారి చెక్కుతున్నారు, రోజుకు ఎంతమంది పిల్లలతో ఒక్కో గుర్రం పనిచేస్తోంది, పని చేయలేని గుర్రాలు ఎక్కడున్నాయి, పిల్లలతో ఉండే పెద్దవాళ్ళలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఎవరు, వాళ్ళ గతం విచారించి తీసుకున్నారా అని అడగమనండి. విరాళం ఇవ్వదలచిన పాఠకులు కూడా ఇవే ప్రశ్నలు అడిగి, జవాబులు సూటిగా వచ్చిన చోటే ఇవ్వాలని, ఆ విరాళం ఒక్క పండగనాటి స్వారీకి కాకుండా ఒక గుర్రం ఏడాది మేతకో, ఒక కౌన్సెలర్ జీతానికో అందేలా చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు